మాస్ట్ ఒకటిన్నర సెంటీమీటరు వెనక్కి

పోయిన ఆదివారం పొద్దున్న చెరువు గట్టు మీద నిలబడి, రిమోట్ మీద నుంచి రెండు బొటనవేళ్లూ తీసేశాను. నేను చేసిన రిమోట్ తెరచాప పడవ తన పాటికి తాను పోతూనే ఉంది. గాలికి ఏటవాలుగా, కొంచెం పక్కకి ఒరిగి, గీత గీసినట్టు పోతోంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. పదకొండు అనేసరికి ఒక విసురు గాలి వచ్చింది, పడవ ముక్కు మెల్లగా గాలివైపు తిరిగింది. అప్పుడు మళ్లీ వేళ్లు పెట్టాను.

ఆ పదకొండు సెకన్ల కోసం ఏడు నెలలు పట్టింది. నాలుగు నెలలు చెక్కతో, మూడు నెలలు దారాలతో. మొదలుపెట్టినప్పుడు పనంతా చెక్కలోనే ఉంటుందనుకున్నాను. పడవ ఒళ్లు నున్నగా, అందంగా వస్తే సగం గెలిచినట్టే అనుకున్నాను. దారాల దగ్గరికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. అందుకే ఇందులో వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ పడవకి మోటారు ఉండదు. లోపల రెండు సర్వోలు, అంటే రిమోట్ చెప్పినట్టు తిరిగే చిన్న యంత్రాలు, ఉంటాయి. ఒకటి చుక్కానిని తిప్పుతుంది, రెండోది తెరచాపల దారాన్ని లాగుతుంది, వదులుతుంది. ముందుకు తోసేది గాలి ఒక్కటే. ఈ పడవల్లో బాగా పేరున్న తరగతి ఇంటర్నేషనల్ వన్ మీటర్. దాని పొడవు మీటరుకి మించకూడదు, బరువు నాలుగు కిలోలకి తగ్గకూడదు. నేను చేసింది అంతకంటే చిన్నది, ఆర్‌జీ65. పేరులో ఉన్నట్టే పొడవు 65 సెంటీమీటర్లు. తెరచాపల విస్తీర్ణం మొత్తం కలిపి 2250 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు. ఆకారం విషయంలో చాలావరకు మన ఇష్టం. మాస్ట్, అంటే తెరచాపలు కట్టే నిలువు స్తంభం, విప్పకుండానే కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకుపోవచ్చు. నాకు అది చాలా పెద్ద విషయం, ఎందుకంటే దారాలన్నీ ఒకసారి సరిచేశాక మళ్లీ విప్పాలంటే ప్రాణం ఒప్పదు.

పెద్ద పడవనే కుదించి చేస్తే మోడల్ అవుతుందని నేనూ అనుకున్నాను. అలా చేస్తే మొదటి గాలికే పడుకుంటుంది. పెద్ద పడవని పదో వంతుకి తగ్గించామనుకోండి. తెరచాప విస్తీర్ణం వందో వంతు అవుతుంది, దాని ఎత్తు పదో వంతు అవుతుంది. అంటే పడవని ఒరగదోసే బలం వెయ్యో వంతుకి పడిపోతుంది. మరి నిలబెట్టే బలమో? బరువు వెయ్యో వంతు, ఆ బరువు వేలాడే లోతు పదో వంతు, రెండూ కలిస్తే పదివేలో వంతు. గాలి మాత్రం మన కోసం తగ్గదు. అదే గాలిలో చిన్న పడవ పదింతలు సులువుగా ఒరిగిపోతుంది. అందుకే ఈ పడవల కింద నీళ్లలోకి నిలువుగా దిగే అంత పొడుగాటి పలక, అంటే ఫిన్, దాని చివర బల్బు అనే సీసపు ముద్ద ఉంటాయి. నా పడవ ఒళ్లు నీళ్లలో నాలుగు సెంటీమీటర్లు కూడా మునగదు. ఫిన్ మాత్రం 34 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. మొత్తం బరువు 1015 గ్రాములు, అందులో 550 ఆ బల్బుదే.

ఆ బల్బుని చాలామంది సీసం కరిగించి పోస్తారు. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, అది పెద్ద వేడేమీ కాదు. కానీ ఆ పొగ మంచిది కాదు. పైగా అచ్చులో చెమ్మ ఏమాత్రం మిగిలినా అది ఒక్కసారిగా ఆవిరై, కరిగిన సీసం మన మీదికే ఎగజిమ్ముతుంది. ఇంట్లో పిల్ల తిరుగుతూ ఉంటుంది కాబట్టి నేను ఆ జోలికి పోలేదు. చిన్న సీసపు గుళ్లని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో కలిపి అచ్చులో కూరాను. చేతికి గ్లౌజులు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఇవి తప్పనిసరి. గుళ్ల మధ్య సందులుంటాయి కాబట్టి ఈ ముద్ద ఘన సీసమంత బరువుండదు. సీసం మిల్లీలీటరుకి 11.3 గ్రాములు, నా ముద్ద 7.2 తూగింది. 550 గ్రాములకి 76 మిల్లీలీటర్ల బల్బు కావాలి. అదే సీసమైతే 49 చాలు. బల్బు లావైతే నీళ్లలో రాపిడి పెరుగుతుంది, ఆ నష్టం నేను ఒప్పుకున్నాను.

అచ్చు తీయడానికి ముందు చెక్కతో బల్బు ఆకారం చెక్కాలి. అది సరిగ్గా 76 మిల్లీలీటర్లు ఉందని ఎలా తెలుస్తుంది? చెక్కకి పల్చగా మైనం పూసి, పైన ఒక సూది గుచ్చి, దాన్ని పట్టుకుని కొలతగ్లాసులో పూర్తిగా ముంచాను. నీళ్లు ఎంత పైకొస్తే అంత. మొదటిసారి 83 వచ్చింది. ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ మైనం, మళ్లీ ముంచడం. 80. 78. రుద్దేటప్పుడు ముందు భాగం మొద్దుగా, వెనక భాగం సన్నగా ఉండాలన్నది మర్చిపోకూడదు, లేకపోతే అంకె సరిపోతుంది గానీ ఆకారం పోతుంది. 76 గీత దగ్గర నీళ్లు ఆగేసరికి చీకటి పడింది. మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన సాయంత్రాల్లో అదొకటి.

పడవ ఒళ్లు తయారీ గురించి ఎక్కువ చెప్పను. ఐదేసి సెంటీమీటర్లకి ఒకటి లెక్కన పడవ అడ్డుకోత ఆకారంలో ప్లైవుడ్ అడ్డపలకలు కోసి, బల్ల మీద తలకిందులుగా నిలబెట్టి, వాటి మీద మూడు మిల్లీమీటర్ల బాల్సా అనే తేలిక చెక్క పట్టీలు పరిచి, గుండుసూదులు గుచ్చి, అంచుకి అంచు జిగురు పెట్టాను. ముక్కు దగ్గరికి వచ్చేసరికి పట్టీలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, అక్కడ ఒక్కోదాన్నీ చిత్రిక పట్టి సన్నం చేసుకోవాలి. పైన చదరపు మీటరుకి 50 గ్రాములుండే పల్చటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ. ఇందులో ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, కిందికి వచ్చాక అదే అవసరం అవుతుంది. ఫిన్ దూరే పెట్టె ప్లానులో ఉన్న చోట పెడదామంటే ఒక అడ్డపలక అడ్డం వచ్చింది. ఆ పలక కోయడానికి చెయ్యి రాలేదు. పెట్టెని 12 మిల్లీమీటర్లు వెనక్కి జరిపాను. ఫిన్ వెనక్కి పోతే బరువు వెనక్కి పోతుంది కదా అని, బల్బుని ఫిన్ మీద అంతే ముందుకి జరిపి అతికించాను. నీళ్లలో పెడితే పడవ సమంగా తేలింది. సరిపోయింది అనుకున్నాను.

ఇక దారాలు.

తెరచాపలని లాగే సర్వోల్లో రెండు రకాలున్నాయి. పొడుగాటి చెయ్యి అటూఇటూ ఊగేది ఒకటి, డ్రమ్ము తిరుగుతూ దారాన్ని చుట్టుకునేది ఒకటి. నేను డ్రమ్ము పెట్టాను. దాని వ్యాసం 3.2 సెంటీమీటర్లు, అంటే ఒక చుట్టుకి పది సెంటీమీటర్ల దారం. తెరచాప కింది అంచున ఉండే అడ్డ కర్రని బూమ్ అంటారు. అది మాస్ట్‌కి కలిసే చోటు నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో దారం కట్టాను. బూమ్ మధ్యగీత నుంచి 80 డిగ్రీలు తెరుచుకోవాలంటే ఆ చోటు 19 సెంటీమీటర్లకి పైగా కదలాలి. కాబట్టి డ్రమ్ము రెండు చుట్లు తిరగాలి. ముందు తెరచాప బూమ్‌కి కూడా అది తిరిగే చోటు నుంచి అదే 15 సెంటీమీటర్ల దగ్గర కట్టాను. ఆ దూరాలు సమానంగా ఉంటేనే రెండు తెరచాపలూ ఒకే కోణంలో తెరుచుకుంటాయి. కొలతలో ఐదు మిల్లీమీటర్ల తేడా వచ్చినా బయటికి కనిపిస్తుంది.

కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, దారం దారి మాత్రం తప్పు. డ్రమ్ము నుంచి నేరుగా తెరచాపలకి కట్టేశాను. గాలి ఉన్నప్పుడు తెరచాపే దారాన్ని లాగి బిగువుగా ఉంచుతుంది, ఇంట్లో ఫ్యాను ముందు పెట్టి చూసినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. మొదటిసారి చెరువులో వదిలిన రోజు, పడవ మధ్యలో ఉండగా గాలి ఆగిపోయింది. నేను అలవాటులో స్టిక్ కిందికి లాగి తెరచాపలు వదిలాను. లాగేవాళ్లు లేక దారం వదులై డ్రమ్ము అంచు దాటి కిందికి జారింది, మళ్లీ లాగితే ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుపోయింది. తెరచాపలు బార్లా తెరుచుకుని అలాగే ఉండిపోయాయి.

"అమ్మా, తిరిగొస్తుందా అది?" అంది మా అమ్మాయి. దాని గొంతులో టెన్షన్ నాకంటే ఎక్కువ.

"వస్తుందిలేవే. గాలివాటుకి ఏ ఒడ్డుకి పోతుందో చూసి మనమే అటు వెళ్దాం."

నలభై నిమిషాలు చెరువు చుట్టూ నడిచాం. పడవ తుంగలో ఆగితే ప్యాంటు మడిచి దిగి తెచ్చాను.

ఇంటికొచ్చి దారి మొత్తం మార్చాను. ఇప్పుడు దారం డ్రమ్ము పై గాడి నుంచి బయల్దేరి, డెక్, అంటే పడవ పైకప్పు, మీద ముందుకి పోయి, ఒక చిన్న కప్పీ చుట్టూ తిరిగి, మళ్లీ డ్రమ్ము కింది గాడిలోకి వస్తుంది. ఒకవైపు చుట్టుకుంటుంటే రెండోవైపు విప్పుకుంటుంది, కాబట్టి అది ఎప్పుడూ మూసిన వలయమే. కప్పీని డెక్‌కి ఎలాస్టిక్ దారంతో కట్టాను, అది వలయాన్ని ఎప్పుడూ లాగిపట్టి ఉంచుతుంది. తెరచాపల దారాలు ఈ వలయానికి ముడి. గాలి ఉన్నా లేకపోయినా డ్రమ్ము మీద బిగువు తగ్గదు. డ్రమ్ము చుట్టూ మిల్లీమీటరు సందుతో ఒక ప్లాస్టిక్ గోడ కూడా కట్టాను. ఎవరైనా డ్రమ్ము సర్వో పెట్టేటట్టయితే ఈ వలయం లేకుండా నీళ్లలో పెట్టొద్దని బతిమాలుతున్నాను. ఇంకో మాట, రిమోట్ పంపే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్లలోంచి పోదు. రిసీవర్ యాంటెన్నా పడవ అడుగున పడేస్తే దగ్గరున్నంతసేపు పనిచేసి దూరం పోగానే తెగిపోతుంది. డెక్ కిందే ఆనించి, నీటిమట్టానికి పైన ఉండేలా అతికించాలి.

తెరచాపలు పల్చటి పాలియెస్టర్ ఫిల్మ్‌తో కుట్టాను అంటున్నాను గానీ కుట్టు ఏమీ లేదు, రెండువైపులా అంటుకునే టేపే. ఒకే ముక్కగా కత్తిరిస్తే తెరచాప పలకలా ఉంటుంది, దానికి పొట్ట రాదు. పొట్ట లేని తెరచాప గాలిని సరిగ్గా వంచలేదు. అందుకని అడ్డంగా నాలుగు ముక్కలు చేసి, ఒక్కో అతుకులో ఒక ముక్క అంచు తిన్నగా, రెండో ముక్క అంచు మధ్యలో మిల్లీమీటరున్నర ఉబ్బుగా కోశాను. ఆ రెండు అంచులూ కలిపి అతికిస్తే ఫిల్మ్ దానంతటదే గిన్నెలా తిరుగుతుంది. మొదటి అతుకు వేసి చేత్తో పైకెత్తినప్పుడు, అప్పటిదాకా కాగితంలా ఉన్నది ఒక్కసారి తెరచాప అయిపోయింది. అమ్మాయిని పిలిచి చూపించాను.

మాస్ట్ 6 మిల్లీమీటర్ల కార్బన్ గొట్టం. దానికి పక్కలకి రెండు తాళ్లు, వెనక్కి ఒకటి. ముందు తాడు ముందు తెరచాప అంచులోంచి పోయి దాని బూమ్ ముందు కొసకి కట్టి ఉంటుంది. వీటన్నిటి బిగువునీ మార్చుకోవడానికి ప్రతి తాడు మీదా ఒక చిన్న బిళ్ల ఉంటుంది, దాన్ని బౌసీ అంటారు. నేను చొక్కా గుండీలతో చేశాను. నాలుగు రంధ్రాల్లో మూడింట్లోంచి దారం పోతుంది. గుండీని దారం వెంబడే పట్టుకుంటే జారుతుంది, వదిలేస్తే అడ్డం తిరిగి దారాన్ని కరిచిపట్టుకుంటుంది. ఇంత చిన్న వస్తువు ఇంత నమ్మకంగా పనిచేయడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మొత్తం పదకొండు గుండీలు. నేను వాడిన డైనీమా అనే సింథటిక్ దారం నున్నగా ఉంటుంది, మామూలు ముడి జారిపోతుంది. ప్రతి ముడి మీదా సూపర్‌గ్లూ ఒక్క చుక్క, అదీ సూది మొనతో. చుక్క పెద్దదైతే దారం పుల్లలా గట్టిపడి ముడి పక్కనే తెగుతుంది.

ఈ దారాల్లో అందరూ తేలిగ్గా తీసేసేది ముందు తెరచాప బూమ్ వెనక కొస నుంచి మాస్ట్ పైకి పోయే సన్నటి దారం. వెనక తాడు బిగిస్తే ముందు తాడు బిగుస్తుంది, బూమ్ ముందు కొస పైకి లేవబోతుంది, వెనక కొస కిందికి దిగబోతుంది. దిగితే తెరచాప వెనక అంచు కర్రలా బిగుసుకుని పైభాగం గాలిని ఆపేస్తుంది. ఈ సన్నటి దారం ఆ కొసని దిగకుండా పట్టుకుంటుంది. రెండు మిల్లీమీటర్లు బిగిస్తే పైభాగం కొంచెం తెరుచుకుంటుంది. పడవ వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే ముందు తెరచాప అంచుకీ పెద్ద తెరచాప వంపుకీ మధ్య సందు కింది నుంచి పైదాకా ఒకేలా ఉండాలి. ఆ సందు కుదిరే దాకా గుండీలు జరుపుతూ కూర్చోవాలి, వేరే దారి లేదు.

అన్నీ కుదిరాక రెండోసారి చెరువుకి వెళ్లాం. గాలివాటుకి బాగా పోయింది. పక్కగాలికీ పోయింది. ఎదురుగాలికి తిప్పగానే మొండికేసింది. ఏ పడవా గాలికి సూటిగా ఎదురు పోలేదు, దాదాపు 45 డిగ్రీల ఏటవాలులో అటొకసారి ఇటొకసారి మలుపులు తిరుగుతూ పైకి పోవాలి. తెరచాప పక్కకి తోస్తుంటే నీళ్లలో ఫిన్ ఆ పక్కకి పోనివ్వదు, రెండింటి మధ్యా నలిగి పడవ ముందుకి జారుతుంది, తడి సబ్బుని వేళ్లతో నొక్కితే జారినట్టు. నా పడవ అలా పోవడం లేదు. ముక్కుని గాలివైపు తెచ్చిన ప్రతిసారీ మళ్లీ గాలికి దూరంగా వాలిపోతోంది. చుక్కాని చిన్నదైందేమో, పెద్దది చేయాలి అనుకున్నాను.

"అమ్మా, చుక్కాని ఎప్పుడూ ఒకవైపే తిప్పి పట్టుకుంటున్నావు, చూడు" అంది మా అమ్మాయి. నా మొహం పడవ మీద ఉంది, దాని చూపు నా వేళ్ల మీద ఉంది.

నిజమే. పడవ తిన్నగా పోవాలంటే చుక్కానిని గాలివైపే బిగపట్టాల్సి వస్తోంది. బిగపట్టిన చుక్కాని బ్రేకు లాంటిది. అంటే తప్పు చుక్కానిది కాదు, తెరచాపల బలం పనిచేసే చోటుకీ నీళ్లు అడ్డుకునే చోటుకీ పొత్తు కుదరలేదు. తెరచాపలది మరీ ముందుంటే ముక్కు గాలికి దూరంగా పోతుంది. మరీ వెనకుంటే గాలివైపు తిరుగుతుంది. పడవ ఒరిగినప్పుడు తెరచాపలు నీళ్ల మీదికి వాలి ముక్కుని గాలివైపు తిప్పుతాయి కాబట్టి, ప్లానులో తెరచాపల కేంద్రాన్ని కొంచెం ముందుకే గీస్తారు. నా దగ్గర ఆ కొంచెం ఎక్కువైంది. ఎందుకు?

మోకాలి లోతు నీళ్లలోకి దిగి, తెరచాపలు పూర్తిగా వదిలేసి, పడవ పక్కన ఒకే వేలు పెట్టి మెల్లగా పక్కకి తోశాను. ముక్కు దగ్గర తోస్తే ముక్కు పోతుంది, వెనక తోస్తే వెనక పోతుంది. మధ్యలో ఒకచోట తోస్తే మొత్తం పడవ తిన్నగా పక్కకి జరుగుతుంది. నీళ్లు అడ్డుకునే కేంద్రం అదే. అక్కడ టేపు ముక్క అతికించి ఇంటికొచ్చి ప్లానుతో పోల్చాను. ప్లానులో ఉన్నదానికంటే 13 మిల్లీమీటర్లు వెనక ఉంది.

ఫిన్ పెట్టె గుర్తొచ్చింది. 12 మిల్లీమీటర్లు. ఆ రోజు బరువు మాత్రమే సరిచేశాను. ఫిన్ బరువు మోసే కాడే కాదు, నీళ్లలో అది ఒక రెక్క. రెక్కని వెనక్కి జరిపి తెరచాపలని పాత చోటే ఉంచాను. కోయాల్సింది ఆ అడ్డపలక, నేను కోయలేదు.

అదృష్టం ఏమిటంటే మాస్ట్ కింది కొస కూర్చునే పట్టీలో ఐదేసి మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున రంధ్రాలు పెట్టుకున్నాను. ముందు తెరచాప తిరిగే చోటా అంతే. రెండింటినీ మూడు రంధ్రాలు వెనక్కి తెచ్చాను, ఒకటిన్నర సెంటీమీటరు. తాళ్లన్నీ మళ్లీ సరిచేయాల్సి వచ్చింది, పదకొండు గుండీలూ జరిపాను, అరగంట పట్టింది. చుక్కాని ముట్టుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారమే మొదట రాసింది. వేళ్లు తీశాక పడవ తిన్నగా పోయింది, విసురు గాలికి తనే ముక్కు గాలివైపు తిప్పుకుంది. అలా తిరిగితేనే మంచిది, ఒరుగు తగ్గుతుంది. ఆ తర్వాత గంటన్నరసేపు రిమోట్ మా అమ్మాయి చేతిలోనే ఉంది. ఎదురుగాలికి మలుపు మీద మలుపు తిప్పి అవతలి తుంగ దాకా తీసుకెళ్లి, గాలివాటుకి రెండు తెరచాపలనీ రెండు పక్కలకీ సీతాకోకచిలుకలా తెరిచి వెనక్కి తెచ్చింది. "ఇంకొక్కసారి అమ్మా" అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

ఇంటికొచ్చి డెక్ మూత తీస్తే లోపల రెండు చెంచాల నీళ్లు. పొడి టిష్యూ కాగితం ముక్కలు లోపల నాలుగు చోట్ల పెట్టి, పడవని తొట్టిలో పక్కకి ఒరగబెట్టి పట్టుకున్నాను. చుక్కాని ఇరుసు గొట్టం పక్కన పెట్టిన ముక్క ముందు తడిసింది. గొట్టం పై కొసని నీటిమట్టానికి మరీ దగ్గరగా కోసినట్టున్నాను. గొట్టంలో గ్రీజు నింపి, పైన ఒక సెంటీమీటరు ముక్క ఎపాక్సీతో పొడిగించాను, ఇప్పుడది బల్ల మీద ఆరుతోంది. దాని పక్కనే గాలి ఎక్కువున్న రోజుల కోసం చిన్న తెరచాపల ఫిల్మ్ పరిచి ఉంది. ఈసారి అతుకుల్లో ఉబ్బు ఒక మిల్లీమీటరే పెడుతున్నాను.